నిన్నటి రూమ్మేట్‌కి “నువ్వు జట్టులో లేవు” అని చెప్పాల్సింది నేనేనా?

సికింద్రాబాద్ నుంచి ఒకాయన పెద్ద ఉత్తరం రాశారు. పేరు, జట్టు పేరు, అది ఏ రాష్ట్రం జట్టో కూడా తీసేసి మిగతాది కుదించి చెబుతున్నాను.

వయసు ముప్ఫై ఏడు. జింఖానా గ్రౌండ్స్‌లో సీనియర్లు వదిలేసిన స్టిక్‌కి టేపు చుట్టుకుని హాకీ ఆట మొదలుపెట్టారు. తర్వాత స్పోర్ట్స్ హాస్టల్, అక్కడి నుంచి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. ఫుల్‌బ్యాక్, అంటే వెనక నిలబడి గోల్‌ని కాపాడే ఆటగాడు. ఇండియా క్యాంపు దాకా వెళ్లారు కానీ జట్టులోకి రాలేదు. గోల్ దగ్గర తప్పు జరిగినప్పుడు అవతలి జట్టుకి ఇచ్చే పెనాల్టీ కార్నర్ పడితే గోల్ లైన్ మీంచి అందరికంటే ముందు బంతికి ఎదురు పరిగెత్తే ఫస్ట్ రషర్ ఈయనే, అలా పరిగెత్తీ పరిగెత్తీ ఒకరోజు డ్రాగ్ ఫ్లిక్, అంటే స్టిక్‌తో ఈడ్చి విసిరిన బంతి, నేరుగా మోకాలికి తగిలింది, దాంతో ఆట అయిపోయింది. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని చేసే పని, లాలాగూడలో క్వార్టర్, భార్య, ఆరో తరగతి చదివే పాప.

ఈమధ్య ఒక హాకీ లీగ్ జట్టు యాజమాన్యం పిలిచింది. అసిస్టెంట్ జనరల్ మేనేజర్‌గా చేరండి, పని నేర్చుకోండి, రెండేళ్లలో జనరల్ మేనేజర్ (ఆటగాళ్లని ఎంచుకుని జట్టు కట్టే మనిషి) కుర్చీ మీదే అన్నారు. జీతం రైల్వే జీతానికి దాదాపు రెట్టింపు, కాంట్రాక్ట్ మాత్రం ఏడాదికే. ముందు కొన్నాళ్లు ఊరికే మాతో తిరిగి చూడండి అంటే సెలవు పెట్టుకుని వెళ్తున్నారు. మొదటి మీటింగ్‌లో, ఆటగాళ్ల వేలంలో ఎవరిని కొనాలో పేర్లు రాయమన్నారట. ఈయన రాసినవాళ్లలో సగానికి పైగా తనతో ఆడినవాళ్లే. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు, జీవితంలో స్టిక్ పట్టని కుర్రాడు, “సర్, వీళ్లలో ఎక్కువమంది ముప్ఫై రెండు దాటినవాళ్లే” అన్నాడట. అందరూ నవ్వారట.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. వేలానికి ముందు జట్టు వదిలేస్తున్న నలుగురు ఆటగాళ్లకి ఫోన్ చేసి చెప్పే పని ఈయనకి అప్పగించారు. ముగ్గురికి చేశారు. నాలుగో మనిషి హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. ఆయన మాటల్లోనే: “అన్నా, నంబరు తీస్తా, పేరు చూస్తా, మళ్లీ ఫోన్ జేబులో పెట్టేస్తా. వారం దాటింది. నిన్న వాడే మెసేజ్ పెట్టాడు, మనోడివి నువ్వు లోపల ఉన్నావు కదరా, నాకేం టెన్షన్ లేదు అని.”

భార్య ఒకటే అడుగుతోందట, ఆ జట్టు వచ్చే ఏడు ఉంటుందని గ్యారంటీ ఏంటి అని. చిన్నప్పటి కోచ్ సార్ ఏమో ఆఫీసు గోల నీకెందుకురా, పటియాలా పోయి డిప్లొమా చేసి కోచ్ అవ్వు అంటున్నారు. ఇంగ్లీషులో మెయిల్ రాయాలంటే ఈయనకి చెమటలు పడుతున్నాయి. చివర్లో అడిగింది: “ఈ పని నాకు చేతనవుతుందా, వదిలెయ్యాలా?”

తమ్ముడూ,

అన్నా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను. చేతనవుతుందా అన్నదానికి ఇప్పుడు ఎవరూ జవాబు చెప్పలేరు, చెప్పినా నమ్మకు. నీ ఉత్తరంలో మూడు సంగతులు కలగలిసిపోయాయి. స్నేహితుడికి చేయాల్సిన ఫోన్ ఒకటి, కొత్త పని నేర్చుకోవడం ఒకటి, రైల్వే ఉద్యోగం ఒకటి. ఫోన్ సంగతి లోపల తొలుస్తోంది కాబట్టి మిగతా రెండూ కూడా ఉన్నదానికంటే భయంగా కనిపిస్తున్నాయి నీకు. అందుకే ముందు దాని గురించి.

ఇంకా చెప్పకపోతే వాడి మనసు నొప్పించకుండా ఆపుతున్నానని అనుకుంటున్నావేమో, నీ మౌనాన్ని వాడు ఇంకోలా చదువుకుంటున్నాడు. టెన్షన్ లేదు అని రాశాడు చూడు, అంటే నువ్వు నోరు విప్పకుండానే వాడికి మాట ఇచ్చినట్టయింది. రోజు గడిచేకొద్దీ ఆ ఇవ్వని మాట బరువు పెరుగుతుంది. పైగా ఈ వారం రోజులూ వాడికి పనికొచ్చే రోజులు. వదిలేస్తున్నారని ముందే తెలిస్తే ఇంకో జట్టు కోచ్‌తో మాట్లాడుకుంటాడు, వేలంలో తన బేస్ ప్రైస్ (పాట మొదలయ్యే ధర) ఎంత పెట్టుకోవాలో ఆలోచించుకుంటాడు, ఫిట్‌నెస్ మీద పడతాడు. అదంతా నువ్వు వాడికి లేకుండా చేస్తున్నావు. మన హాకీవాళ్ల లోకం ఎంత చిన్నదో నాకంటే నీకే బాగా తెలుసు, మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరు ఏదో గ్రూపులో పెట్టేస్తే వాడికి అక్కడే తెలుస్తుంది. అప్పుడు వాడికి కోపం జట్టు మీద రాదు.

నీ ముందు దార్లు లేకపోలేదు. ఇతను నాకు దగ్గరి స్నేహితుడు, ఈ ఒక్క ఫోన్ హెడ్ కోచ్ చేస్తే బాగుంటుంది అని యాజమాన్యానికి చెప్పొచ్చు. తప్పేం కాదు, దగ్గరివాళ్ల విషయంలో పక్కకి జరగడం చాలాచోట్ల పద్ధతే. కానీ ఒక్కసారి అలా జరిగావంటే, కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఇతన్ని తప్పించాలి అని వాళ్లు మనసులో రాసుకుంటారు. రెండో దారి నువ్వే చేయడం, చేసి “నేను గట్టిగానే చెప్పాన్రా, వాళ్లే వినలేదు” అనడం. ఈ మాట నాలుక చివరన ఉంటుంది చూసుకో, అప్పటికప్పుడు ఎంతో హాయిగా ఉంటుంది, నెల తిరక్కుండా యజమాని చెవిన పడుతుంది. ఆ తర్వాత నీ ముందు ఎవరూ ఏ పేరూ మాట్లాడరు. మూడోది కూడా నువ్వే చేయడమే, కాకపోతే నిర్ణయాన్ని నీదిగా మోస్తూ. రెండు వాక్యాలు చాలు: “నిన్ను ఈ ఏడాది వదిలేస్తున్నాం. కారణం ఇది.” ఆ కారణం వయసైతే వయసు అను, మిడ్‌ఫీల్డ్‌లో వెనక్కి పరిగెత్తడం తగ్గిందంటే అదే అను. చూద్దాం, వచ్చే ఏడాది ప్రయత్నిద్దాం లాంటివి వద్దు. వాడు తిట్టొచ్చు. ఓ ఏడాది మాట్లాడకపోవచ్చు కూడా. తిట్టడం అయ్యాక మాత్రం ఫలానా జట్టుకి నీలాంటివాడు కావాలని విన్నాను, అడిగి చూడు అని చెప్పడానికి నీ దగ్గర నిజమైన సమాచారం ఒకటి ఉండేలా చూసుకో.

అయితే ఒక్క షరతు. వాణ్ని వదిలేయడం తప్పని నీకు నిజంగా అనిపిస్తే, స్నేహం పక్కన పెట్టి చూసినా అలాగే అనిపిస్తే, ఫోన్ చేసే ముందు యాజమాన్యం దగ్గర ఒక్కసారి వాదించు. వాడు నా స్నేహితుడని మొదటి వాక్యంలోనే చెప్పేసి వాదించు. విన్నారా సరే, వినలేదా, బయటికి వచ్చాక అది నీ నిర్ణయం కూడా.

ఇక ఆ నవ్విన మీటింగ్. నీకు అవమానంగా అనిపించింది, నాకైతే నీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క అదే. నువ్వు రాసింది నువ్వు ఎవరితో కలిసి మైదానంలోకి దిగాలనుకుంటావో ఆ పేర్లు. వాళ్లు అడిగింది వేరు. హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైనప్పుడు 2024 అక్టోబర్‌లో జరిగిన వేలమే తీసుకో. మగవాళ్ల జట్టుకి పర్సు, అంటే ఆటగాళ్లని కొనడానికి ఉన్న మొత్తం డబ్బు, 4 కోట్లు, నింపాల్సింది 24 మందిని, అందులో 8 మంది విదేశీయులు, 16 మంది మనవాళ్లు, ఆ మనవాళ్లలో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలి. సమానంగా పంచితే మనిషికి సుమారు 16 లక్షల 66 వేలు. హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకి సూర్మా జట్టుకి వెళ్లాడు, అంటే పర్సులో దాదాపు ఐదో వంతు ఒక్కడికే, మిగిలిన 23 మందికి తలా 14 లక్షలు. హైదరాబాద్ తూఫాన్స్ డ్రాగ్ ఫ్లికర్ గొంజాలో పెయాని 68 లక్షలు పెట్టి కొన్నది. అంత పెట్టింది ఎందుకో నీకు చెప్పక్కర్లేదు, పెనాల్టీ కార్నర్ దగ్గర మ్యాచ్ తిప్పేవాడి ధర అది. ఆ సీజన్ ఫైనల్‌కి తూఫాన్స్ వెళ్లింది, బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది, అవతలి జట్టులో జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొట్టాడు, అతనూ డ్రాగ్ ఫ్లికరే. డ్రాగ్ ఫ్లికర్‌కి 70 లక్షలు పోయాక మంచి రెండో గోల్‌కీపర్‌కి డబ్బు మిగిలిందా, ఎడమ వైపు ఆడే జూనియర్ ఎవరున్నారు, ఆ విదేశీ ఆటగాడు సీజన్ మొత్తం ఉంటాడా లేక వాళ్ల దేశం క్యాంపుకి మధ్యలో వెళ్లిపోతాడా, ఇవన్నీ ఒకేసారి తలలో తిరగాలి. ఇది ఫుల్‌బ్యాక్‌గా నువ్వు చేసిన పని కాదు. రాకపోవడం సహజం, నేర్చుకుంటే వచ్చేది కూడా.

ఆ కుర్రాడి మీద కోపం పెట్టుకోకు, అతని పక్కన కుర్చీ వేసుకో. అతనికి లేనిది నీ దగ్గర ఏముందో చెప్తాను. పెనాల్టీ కార్నర్‌లో ఫస్ట్ రషర్ పరిగెత్తి కోణం మూసేస్తే ఫ్లికర్ తప్పనిసరిగా రెండో వైపు కొడతాడు, అక్కడ గోల్‌కీపర్ సిద్ధంగా ఉంటాడు, సేవ్ గోల్‌కీపర్ ఖాతాలో పడుతుంది. రషర్ పేరు ఏ కాలమ్‌లోనూ రాదు. అలాంటి మనిషి 2 లక్షల బేస్ ప్రైస్‌కి వేలంలో కూర్చుని ఉంటే మిగతా ఏడు టేబుళ్లూ తల ఎత్తవు, నువ్వు ఎత్తుతావు. దాన్ని నాకు తెలుసు సార్ అని చెప్తే మళ్లీ నవ్వుతారు. ఆ కుర్రాడితో కూర్చుని, ఈ పదిహేను కార్నర్లలో ఇతను పరిగెత్తిన దారి చూడు అని వీడియో ముక్కలు కోయించి చూపిస్తే నవ్వరు. వచ్చే మీటింగ్‌కి నీతో ఎప్పుడూ ఆడని ఆటగాళ్ల పేర్లే రాసుకుని వెళ్లు, ఒక్కో పేరు పక్కన ఎంత దాకా వెళ్లొచ్చు, ఎక్కడ ఆగాలి అని ధర కూడా రాయి.

పెద్ద ఆటగాళ్లు కూడా ఈ పని నేర్చుకునే వచ్చారు. అమెరికాలో మంచు మీద ఆడే హాకీ లీగ్‌లో స్టీవ్ ఐజర్‌మన్ అని ఒకాయన, డెట్రాయిట్ జట్టుకి దాదాపు ఇరవై ఏళ్లు కెప్టెన్. 2006లో ఆట మానేశాక కుర్చీ అడిగితే కాదనేవాళ్లు ఉండరు. అయినా నాలుగేళ్లు అదే జట్టు ఆఫీసులో, అప్పటి జనరల్ మేనేజర్ కెన్ హాలండ్ దగ్గర పని నేర్చుకుని, 2010లో టాంపా బే జట్టుకి జనరల్ మేనేజర్‌గా వెళ్లాడు. జో సాకిక్ అని ఇంకొకాయన, ఆయన కట్టిన కొలరాడో జట్టు 2016-17లో 82 మ్యాచ్‌ల్లో 22 గెలిచి లీగ్‌లో అట్టడుగున ఉంది. ఆయన్ని తీసేయలేదు. 2022లో అదే జట్టు కప్పు గెలిచింది. ఐజర్‌మన్‌కి నేర్పడానికి పైన ఒక మనిషి ఉన్నాడు, సాకిక్‌కి ఓడిపోయినా భరించే యజమాని ఉన్నాడు. నీకు వచ్చిన ఆఫర్‌లో ఇవి ఉన్నాయా? ఇప్పుడు జనరల్ మేనేజర్ ఎవరు, ఆయన నీకు నేర్పాలనుకుంటున్నాడా లేక నువ్వు తన కుర్చీకే వస్తున్నావని భయపడుతున్నాడా? రిలీజ్ లిస్టు తయారు చేసేటప్పుడు నిన్ను పిలవకుండా ఫోన్లు చేసేటప్పుడు మాత్రం పిలిచారంటే నాకు కొంచెం అనుమానంగానే ఉంది. ఏ నిర్ణయంలో నా మాట ఉంటుంది, ఏ నిర్ణయంలో ఉండదు అని నేరుగా అడుగు. జవాబు చెప్పకుండా మీరు ఫ్యామిలీ లాంటివాళ్లు అన్నారంటే అదే జవాబు.

మీ ఆవిడ ప్రశ్న దగ్గరికి వద్దాం. ఆమె భయపడుతోందని రాశావు, నాకు ఆమె లెక్క సరిగ్గానే కనిపిస్తోంది. ప్రీమియర్ హాకీ లీగ్ గుర్తుందా, 2005లో మొదటి సీజన్ మన గచ్చిబౌలిలోనే, గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్. 2008 తర్వాత ఆ లీగే లేదు. వరల్డ్ సిరీస్ హాకీ 2012లో ఒక్క సీజన్‌తో సరి. హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017తో ఆగి, మళ్లీ 2024 డిసెంబర్ చివర్లో తెరుచుకుంది. తెరుచుకున్నాక కూడా వైజాగ్ పేరు మీద వచ్చిన గోనాసిక జట్టు మొదటి సీజన్ ఆడింది, రెండో సీజన్లో లేదు. ఆటగాడికైతే వేలంలో ఇంకో జట్టు దొరకొచ్చు. ఆఫీసు మనిషిని వేలంలో ఎవరూ కొనరు.

కాబట్టి రాజీనామా చేసి వెళ్తే ఏం పోతుందో కాగితం మీద రాసుకోండి ఇద్దరూ కూర్చుని. క్వార్టర్, రైల్వే ఆసుపత్రి, పాసులు. నువ్వు 2004 తర్వాత చేరినవాడివి, నీ ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) డబ్బు ఎక్కడికీ పోదు కానీ మధ్యలో బయటికొస్తే అందులో పెద్ద భాగం పెన్షన్ ప్లాన్‌లోనే పెట్టాలి, చేతికి వచ్చేది కొంచెమే. ఇరవై ఏళ్ల సర్వీసు దాటితే స్వచ్ఛంద పదవీ విరమణ అడగొచ్చు, నువ్వు రాసిన లెక్కన ఇంకా నాలుగేళ్లు ఉంది. జీతం రెట్టింపు అన్న మాటని ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే ఎంత మిగులుతుందో అప్పుడు తెలుస్తుంది.

రాజీనామా కాకుండా, డిపార్ట్‌మెంట్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టి ఒక సీజన్‌కి అనుమతి, జీతం లేని సెలవు అడగడం ఇంకో దారి. ఇస్తారన్న నమ్మకం లేదు, ఇచ్చినా ఇంక్రిమెంట్ మీద దెబ్బ పడొచ్చు, కాదంటే అక్కడితో ఆగాలి. ఇక్కడ ఒక్క విషయం కటువుగా చెప్పాలి. ఇప్పుడు సెలవు పెట్టి ఊరికే తిరుగుతున్నావు చూడు, అది ఊరికే కాదు. ముందస్తు అనుమతి లేకుండా బయట ఉద్యోగం చేయకూడదని రైల్వే ప్రవర్తనా నియమాల్లో ఉంది. అమెచ్యూర్‌గా ఆటల్లో పాల్గొనడానికి సడలింపు ఉంటే ఉంది, జట్టు తరఫున ఆటగాళ్లకి రిలీజ్ ఫోన్లు చేయడం అందులోకి వస్తుందని నువ్వు అనుకోకు. ఆ అర్జీ ఆలస్యం చేయకు. రాజీనామా తర్వాత సంగతి, ముందు నోటీసు రాకుండా చూసుకో.

పూర్తిగా రైల్వేలోనే ఉండి నేర్చుకునే దారీ ఉంది, నువ్వు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు కాబట్టి చెప్తున్నాను. ఇంటర్ రైల్వే టోర్నమెంట్‌కి వెళ్లే జోన్ జట్టుకి మేనేజర్ కావాలి, కోటాలో కొత్త పిల్లల్ని తీసుకునేటప్పుడు ట్రయల్స్ చూసేవాళ్లు కావాలి. మెరుపేం ఉండదు, టికెట్లు, కిట్లు, భోజనం బిల్లులు, ఎవరో ఒకరి అలక. కానీ ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వద్దనాలి అన్నది చేతులారా చేస్తావు, ఉద్యోగం పోకుండా. ఐఐఎం రోహ్‌తక్‌లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు ఉంది, కావాలంటే దాని వివరాలూ చూడు. నష్టం ఏంటంటే ఇవాళ పిలిచిన జట్టు రెండేళ్లు నీకోసం ఆగదు.

కోచ్ సార్ చెప్పింది గౌరవంగా విని పక్కన పెట్టొచ్చు. పటియాలా డిప్లొమా మంచిదే, అది కోచింగ్‌కి. నీ ఉత్తరంలో ఎక్కడా పిల్లలకి ట్రాప్ (స్టిక్‌తో బంతి ఆపడం) నేర్పాలన్న ఉబలాటం కనిపించలేదు, ఎవరిని ఎక్కడ పెడితే జట్టు కుదురుతుందన్న ఉబలాటం కనిపించింది. ఇంగ్లీష్ మెయిల్స్ గురించి అస్సలు టెన్షన్ పడకు, పొట్టిగా రాయి, ఫోన్లో రాసే సదుపాయాలు బోలెడు ఉన్నాయి, పంపే ముందు ఆ ల్యాప్‌టాప్ కుర్రాడికి చూపించు. నీ హిందీ, తెలుగు రెండూ బాగుంటే డ్రెస్సింగ్ రూమ్‌లో అవే ఎక్కువ పనికొస్తాయి.

ఇవన్నీ చూసుకుని వెళ్లాలనే అనుకుంటే, ఏడాది కాంట్రాక్ట్‌కి ఒప్పుకోకు, కనీసం రెండేళ్లు అడుగు. లీగ్ ఆగిపోయినా, జట్టు అమ్ముడుపోయినా ఎన్ని నెలల జీతం ఇస్తారో రాయించుకో, జీతం ఏ తేదీకి పడుతుందో రాయించుకో, సీజన్ లేని నెలల్లో ఎక్కడ కూర్చుని ఏం పని చేయాలో కూడా. రెండేళ్లలో కుర్చీ నీదే అన్న మాట నోటి మాటగా ఉంటే దానికి విలువ కట్టకు. డ్రాఫ్ట్ చేతికి వచ్చాక సంతకం పెట్టే ముందు కార్మిక చట్టం తెలిసిన లాయర్‌కి ఒకసారి చూపించు, ఆ ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.